దాచిన రోగము ఊరికి చేటు

(పదవ తరగతి విజ్ఞాన సంఘ విద్యార్థులు)

హొసూరు ప్రాంతపు పల్లెల నుండి మా పాఠశాలకు వచ్చు విద్యార్థులలో ఇంట పాడి లేనివారు అరుదు. తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలకేంద్రమున పాలు పోసి వచ్చి, పిమ్మట పుస్తకముల సంచి తగిలించుకొని బడికి బయలుదేరువారమే మాలో పెక్కుమందిమి. మేము పశువైద్యులము కాము. అయినను పశువుల అంటురోగములను గూర్చి మా అభిప్రాయమును వ్రాయుటకు మాకు కొంత హక్కు కలదని తలంచుచున్నాము. ఏలయన, గత వానకాలమున జరిగిన యొక సంగతి మమ్ము చాల దినములు బాధించినది.

మాలో ఒకని పల్లెలో ఒక యింటి సీమావు మేత మానినది. నోటి వెంట చొంగ తీగలు తీగలుగా కారినది. రెండవనాటికి కాలు నేల మోపలేక కుంటినది. ఆ యింటి అవ్వ చూచి, "ఇది గాలికుంటురా నాయనా" అన్నది. వెంటనే, "బయట ఎవరికీ చెప్పొద్దండి. తెలిస్తే కేంద్రంలో మన పాలు పోయించుకోరు" అని కూడ అన్నది. ఇంటివారు ఆవును పెరటిలో గడ్డివాము వెనుక కట్టివేసిరి. అదే కొట్టములో నున్న యెద్దు ఇంకను ఆరోగ్యముగానే కనబడుచుండెను. రోగము తగులక ముందే దానిని అమ్మివేయవచ్చునని ఆ వారపు సంతకు తోలిరి. బేరము కుదరలేదు. ఎద్దు సాయంకాలమునకు తిరిగి వచ్చినది. కొలదిదినములలో ఆ వీధిలోని పశువులలో సగము కుంటసాగినవి. పాలు త్రాగు దూడలు కొన్ని చచ్చినవి. సంతకు వచ్చిన ఇతర గ్రామముల పశువులలో ఎన్నింటికి అంటినదో లెక్క చెప్పగలవారు ఎవరును లేరు.

ఆ యింటివారిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆ ఆవు పాలే వారికి బియ్యము, ఆ పాలే వారికి బడి ఖర్చు. మమ్ము బాధించినది వేరొక సంగతి. దానికి కొన్ని నెలల ముందు పశువైద్యశాఖవారు ఆ పల్లెకు టీకాలు వేయుటకు వచ్చిరి. పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించిన ప్రకటనలో తమిళమున "కోమారి నోయ్" అని యుండెను. అవ్వకు తమిళము సంతలో బేరమాడునంత మాత్రమే వచ్చును. ఎవరో ఆ మాటను చదివి చెప్పగా, "ఆ రోగం మన ఊళ్ళో లేదు గదా, సూది ఎందుకు?" అని ఆవును తోలుకొని పోలేదు. తమిళులు కోమారి యని పిలుచునదే మనము గాలికుంటు అని పిలుచునదని ఆమెకు చెప్పినవారు లేకపోయిరి. ఆ ప్రకటనను చదివి, దానిని తెలుగున చెప్పగల పిల్లవాడు ఆ యింటనే యుండెను. అతడు మా తరగతివాడే.

ఈ సంగతిని గూర్చి మేము పలుమారులు చర్చించుకొంటిమి. తుదకు మాకు తోచినది ఇది: అంటురోగమును అడ్డుటకు మందు ఎంత అవసరమో, రోగము వచ్చినదని ఆలస్యము లేక చెప్పుటయు అంత అవసరము. చెప్పుటకు ధైర్యము వలెను. వినువారికి తెలియు మాటయు వలెను. ఈ రెండును లేనిచోట టీకా సీసా శీతలపెట్టెలోనే యుండిపోవును.

రోగము ఒక పశువు నుండి మరియొక పశువునకు ఎట్లు చేరునో మొదట గ్రహింపవలెను. గాలికుంటునకు కారణమైనది కంటికి కనబడని వైరసు. 1898లో జర్మనీ దేశీయులైన లోఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవులను ఆపివేయు వడపోతనుండి కూడ ఈ రోగకారణము దాటిపోవుచున్నదని కనుగొనిరి. పశువుల రోగములలో వైరసు వలన కలుగునదని మొట్టమొదట తెలిసినది ఇదియే. ఈ వైరసు రోగపశువు చొంగలోను, పాలలోను, పేడలోను, ఊపిరిలోను ఉండును. నోటిలో బొబ్బలు కనబడుటకు ముందే పశువు దానిని వెదజల్లనారంభించును. అందుచేతనే ఆరోగ్యముగా కనబడిన ఎద్దును సంతకు తోలుట అంత ప్రమాదకరమైనది. మనుష్యుల చెప్పులకు, చేతులకు, బండిచక్రములకు, పాలక్యానులకు, నీళ్ళతొట్టికి అంటి కూడ అది ప్రయాణము చేయును. పెద్ద పశువులు సాధారణముగా చావవు. కాని పాలు తగ్గును, ఎద్దు దున్నలేదు, లేతదూడల గుండెకు రోగము తగిలి అవి అకస్మాత్తుగా పడిపోవును.

అన్ని రోగములును ఒకే దారిని నడువవు. ముద్దచర్మ వ్యాధి ఈగలు, దోమలు, గోమారుల వంటి కుట్టు పురుగుల మూలమున వ్యాపించును. మన దేశమున అది మొట్టమొదట 2019లో ఒడిషాలో కనబడినది. 2022 నాటికి రాజస్థాను, గుజరాతు మొదలైన రాష్ట్రములలో ప్రబలి, ఆ యొక్క సంవత్సరములోనే లక్షకు మించిన పశువులను పొట్టన బెట్టుకొన్నది. దొమ్మరోగపు బీజములు నేలలో దశాబ్దముల తరబడి చావక నిలిచి, ఆ నేలపై మేసిన పశువునకు అంటును. ఈచుకుపోవు రోగము, అనగా బ్రూసెల్లా రోగము, ఈనినప్పుడును ఈచుకుపోయినప్పుడును వెలువడు మాయ, ద్రవముల మూలమున వ్యాపించును. పచ్చిపాలు త్రాగినచో మనుష్యులకును అంటును. కావున "పశువుకు జబ్బు చేసినది" అని మాత్రము అనుకొనుట చాలదు. ఏ రోగమో తెలిసిననే ఏ తలుపు మూయవలెనో తెలియును.

చెప్పుట వలన ఏమి లాభమని అడుగువారికి మేము ముసరవ్యాధి కథను చూపుదుము. మన పెద్దలు దానిని పెద్దరోగమనిరి. కన్నడిగులు దొడ్డరోగ మనియు, తమిళులు వెక్కై నోయ్ అనియు పిలిచిరి. జ్వరము, నోటిపూత, ఆగని పారుడు, పిమ్మట కొలదిదినములలో చావు. మందలకు మందలే ఊడ్చుకొనిపోయెడివి. 19వ శతాబ్ది చివర అది ఆఫ్రికాఖండమున ప్రవేశించి, అనేక ప్రదేశములలో నూటికి ఎనుబది, తొంబది పశువులను చంపినది. దున్నుటకు ఎద్దులు లేక ఇథియోపియాలో ఘోరమైన కరవు వచ్చినది. మన దేశమునను దీని బాధ ఎంత యుండెననగా, దీనిని గూర్చియు ఇతర పశురోగములను గూర్చియు పరిశోధించుటకే 1889లో పూనాలో ఒక ప్రయోగశాల స్థాపింపబడి, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు మార్చబడినది. భారత పశువైద్య పరిశోధనాసంస్థకు మూలము అదియే. మనకు సమీపముననే, రాణిపేటలో 1932లో ఏర్పడిన సంస్థ నేటికిని టీకామందులను తయారుచేయుచున్నది.

1920లో ఒక విచిత్రము జరిగినది. మన దేశము నుండి బ్రెజిలునకు ఓడలో పోవుచుండిన పశువులను త్రోవలో బెల్జియము దేశపు ఆంట్వెర్పు రేవున దింపిరి. ముసర వాటితో దిగినది. రోగము లేకుండ చేసికొన్నామని నిశ్చింతగా నుండిన ఐరోపా ఉలికిపడినది. ఒక దేశపు రోగవార్తను ఇతర దేశములకు వెంటనే తెలుపు ఏర్పాటు లేనిదే ఎవరికిని క్షేమము లేదని అందరును గ్రహించిరి. ఫలితముగా 1924లో 28 దేశములు పారిసు నగరమున కూడి యొక అంతర్జాతీయ సంస్థను నెలకొల్పినవి. అదియే నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ. రోగమును దాచక చెప్పుకొనవలెనను నియమము నుండి అంత పెద్ద సంస్థ పుట్టినదని పాఠకులు గమనింతురు గాక.

మన దేశమున ముసరను నిర్మూలించు జాతీయ కార్యక్రమము 1954లో ఆరంభమైనది. నూటికి ఎనుబది పశువులకు టీకాలు వేయవలెనని లక్ష్యముగా పెట్టుకొనిరి. కోట్లకొలది సూదులు వేసిరి. రోగము చాలవరకు తగ్గినది, కాని పూర్తిగా పోలేదు. టీకా అందని పశువులలో, దేశముమీద తిరుగు మందలలో, సంతలలో అది ఏదో మూలను దాగియుండెను. 1992 తరువాత పద్ధతి మారినది. టీకాలతోపాటు వెదకుటకు ప్రాధాన్యమిచ్చిరి. సిబ్బంది గ్రామగ్రామమును తిరిగిరి. పశువులు నడుచు దారులను, సంతలను పరిశీలించిరి. "నోటిపూత, పారుడు ఉన్న పశువు మీ ఊర కలదా?" అని రైతులను, కాపరులను అడిగిరి. అడిగినవారికి రైతులు ఉన్నదున్నట్లు చెప్పిరి. భారతదేశమున చివరి ముసర 1995లో, మన తమిళనాడులోనే కనబడినది. 2006లో మన దేశము ముసర లేని దేశముగా గుర్తింపబడినది. కెన్యా దేశమున వాల్టర్ ప్లౌరైట్ తయారుచేసిన సురక్షితమైన టీకా ఇతర ఖండములలోను మిక్కిలి తోడ్పడినది. 2011లో ప్రపంచము నుండియే ముసర నిర్మూలింపబడినదని ప్రకటించిరి. మనుష్యుల మశూచి తరువాత భూమిమీద నుండి తుడిచివేయబడిన రోగము ఇది రెండవది మాత్రమే. మా తాతలు పేరు చెప్పుకొని భయపడిన రోగమును మేము పుస్తకములలో మాత్రమే చదువుచున్నాము. ఈ భాగ్యములో టీకా కనిపెట్టినవారి పాలు ఎంతయో, అడిగినప్పుడు దాచక చెప్పిన పేరులేని కాపరుల పాలును అంత కలదు.

దాచుట వలన కలుగు నష్టమునకు ఇంగ్లండు ఉదాహరణము. 2001 ఫిబ్రవరిలో అచ్చట గాలికుంటు బయటపడినది. దాని జాడ తీయగా, ఉత్తరప్రాంతమున నొక పందుల దొడ్డికి పోయినది. ఆ పందులకు సరిగా ఉడికింపని ఎంగిలి మేతగా పెట్టియుండిరి. రోగము కనబడినను అధికారులకు తెలుపలేదు. అప్పటికే అంటు తగిలిన గొఱ్ఱెలు సంతలమీదుగా దేశము నలుమూలలకును పోయియుండెను. తుదకు రోగమును అణచుటకు అరువది లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చినది. ధనములోను, శాస్త్రములోను ముందున్న దేశమునకే అట్టి గతి పట్టినది. మన పల్లెలోని గడ్డివాము వెనుక జరిగినదియు చిన్న ఎత్తున అదియే.

ఇప్పుడు పెద్దలు చెప్పు అభ్యంతరములను కూడ విచారింతము.

"చెప్పినచో మా పాలు ఎవరు కొందురు?" అనునది మొదటిది. ఇది ఉత్త మాట కాదు. ఆవు కోలుకొనువరకు ఆ యింటికి నిజముగనే నష్టము కలుగును. ఈ నష్టమును చూచియు చూడనట్లు, "ధైర్యముగా చెప్పండి" అని ఉపదేశించుట సులభము. మా అభిప్రాయములో చెప్పినవానిని ఊరు ఆదుకొనవలెను. రోగము వచ్చిన యింటివారు కొంతకాలము ఇతరుల కొట్టములకు పోరాదు, బీటిలోనికి పశువులను తోలరాదు. కావున ఇరుగుపొరుగువారు వారికి మేత కోసి గడప దాక తెచ్చి వేయవచ్చును. పాలసంఘపు పెద్దలు ఆ యింటిని వెలివేసినట్లు చూడక, కోలుకొన్న పశువు పాలను మునుపటివలెనే తీసికొందుమని ముందుగనే చెప్పవచ్చును. రోగము ఇంటి దోషము కాదు. చెప్పినవానికి శిక్షయు, దాచినవానికి లాభమును కలుగుచున్నంత కాలము జనులు దాచుచునే యుందురు.

"సూది వేసినచో పాలు తగ్గును" అనునది రెండవది. టీకా వేసిన తరువాత కొన్ని పశువులకు కొద్దిపాటి జ్వరము, సూది గ్రుచ్చినచోట వాపు వచ్చి, రెండు మూడు దినములు పాలు కొంత తగ్గుట కలదు. దానిని కాదనుట సత్యము కాదు. కాని గాలికుంటు వచ్చినచో పాలు వారములకొలది పోవును. కొన్ని పశువులు పూర్వపు పాడికి మరల రానే రావు. ఏది పెద్ద నష్టమో లెక్క వేయుట మా తరగతి గణితమునకు కూడ కష్టము కాదు. మన దేశమున గాలికుంటు వైరసు మూడు రకములుగా తిరుగుచున్నది. ఒక రకము వచ్చి తగ్గినంత మాత్రమున మరియొక రకము రాకుండ పోదు. టీకాలో మూడింటికిని రక్షణ కలదు. కాని ఆ రక్షణ కొన్ని నెలలే యుండుట చేత నాలుగు నెలలు దాటిన దూడ మొదలు ప్రతి పశువునకును ఆరు నెలలకొకమారు వేయింపవలెను. నిండుచూలు పశువు సంగతి డాక్టరుగారితో ముందుగా చెప్పవలెను. 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ టీకా ఉచితము. 2030 నాటికి ఈ రోగమును దేశమున లేకుండ చేయవలెనని సంకల్పము. ఊరిలో పది యిండ్లవారు వేయించి, పది యిండ్లవారు మానినచో ఆ సంకల్పము నెరవేరదు. ముసర మనకు నేర్పిన పాఠము అదియే.

"ఇది అమ్మవారి కోపము" అనునది మూడవది. అమ్మవారికి మ్రొక్కుకొనుటను మేము తప్పు పట్టము. అంటురోగము వచ్చినప్పుడు పొలిమేర కట్టి, పరాయి మందలను ఊరిలోనికి రానీయని పెద్దల కట్టడిలో చక్కని వివేకము కలదు. శాస్త్రజ్ఞులు నేడు చెప్పు కదలికల నిషేధము అట్టిదే. 18వ శతాబ్ది ఆరంభమున ఇటలీలో ముసర చెలరేగినప్పుడు పోపుగారి వైద్యుడైన లాన్సిసి సూచించిన నియమములలోను పశువుల రాకపోకల నిషేధము కలదు. పెద్దల ఆ కట్టడిని నేడును పాటింతము. మ్రొక్కు మ్రొక్కే, సూది సూదియే. రెండింటికిని తగవు లేదు.

ఇక భాష సంగతి. ఇది మా పాఠశాలకును, మా తల్లిదండ్రులకును ప్రత్యేకముగా సంబంధించినది. మనము తరతరములుగా ఈ సీమలో నున్నవారము. ఒక ప్రక్క కర్ణాటకము, మరియొక ప్రక్క కుప్పము సీమ, చుట్టును తమిళ గ్రామములు. పశువులు మూడు రాష్ట్రముల సంతలలోను తిరుగుచుండును. రోగమునకు సరిహద్దు లేదు. కాని రోగపు పేరునకు మాత్రము ప్రతి మైలునకును సరిహద్దు కలదు. మన గాలికుంటు తమిళమున కోమారి, కన్నడమున కాలుబాయి జ్వర. మన జబ్బవాపు తమిళమున శప్పై నోయ్, కన్నడమున చప్పె రోగ. కోళ్ళకు వచ్చు కొక్కెర కన్నడమున కొక్కరెయే గాని, తమిళమున వెళ్ళైక్కళిచ్చల్. మేకలను, గొఱ్ఱెలను చంపు పారుడు రోగము తమిళమున ఆట్టుక్కొల్లి. ముసరకు దాయాది యైన ఈ రోగము మన దేశమున మొట్టమొదట 1987లో తమిళనాడులోనే గుర్తింపబడినది.

అన్నింటికంటె ప్రమాదకరమైన పొరపాటు మరియొకటి కలదు. మన గొంతువాపును తమిళమున తొండై అడైప్పాన్ అందురు. మన దొమ్మను అడైప్పాన్ అందురు. ఒక్క మాట జారినచో ఒక రోగము మరియొకటి యగును. దొమ్మతో చచ్చిన పశువును కోయరాదు, తోలు ఒలువరాదు. అట్లు చేసినవారికే ఆ రోగము అంటి ప్రాణము మీదికి వచ్చును. ముక్కునుండి, ఆసనమునుండి నల్లని రక్తము కారి అకస్మాత్తుగా చచ్చిన పశువును ఎవరును తాకక, పశువైద్యునికి తెలిపి, లోతుగా గోయి తీసి సున్నము పోసి పూడ్చవలెను. ఇంత ముఖ్యమైన విషయము మన అవ్వలకు, తాతలకు అర్థమగు మాటలో చేరవలదా?

కొందరు తల్లిదండ్రులు, "ఈ రాష్ట్రమున తెలుగు చదువు ఎందులకు?" అని ప్రశ్నించుట మేము వినుచునే యున్నాము. తమిళము మాకు తప్పక రావలెను. మేము దానిని శ్రద్ధతో నేర్చుచున్నాము. ప్రకటన తమిళమున వచ్చును, డాక్టరుగారు తమిళమున మాటాడుదురు. కాని కొట్టములోనికి పోవు భాష తెలుగు. "ఆవుకు ఏమైంది?" అని అవ్వ అడుగు భాష తెలుగు. ఒక గట్టున తమిళము, మరియొక గట్టున తెలుగు ఉన్నచోట రెండును తెలిసినవాడు వంతెన వంటివాడు. ఒక గట్టును కూల్చివేసినచో వంతెన నిలువదు. అయితే మా తప్పును కూడ మేము ఒప్పుకొందుము. రెండు భాషలు వచ్చియు ఆ దినమున మేము ఆ ప్రకటనను ఇంటివారికి చదివి చెప్పలేదు. చదువు పరీక్షల కొరకే యనుకొంటిమి.

కావున మేము చేయదలచిన పనులు కొన్ని కలవు. మొదటిది, పశురోగముల పేర్లను తెలుగు, తమిళ, కన్నడ భాషలలో ప్రక్కప్రక్కన వ్రాసి, ఒక్కొక్క రోగమునకు రెండు మూడు గుర్తులను చేర్చి, పెద్ద పటముగా పాఠశాల గోడకును, పాలకేంద్రములలోను పెట్టుదుము. పేర్లలో తప్పు రాకుండ పశువైద్యునిచేత ముందుగా దిద్దించుకొందుము. రెండవది, టీకాల ప్రకటన వచ్చిననాడు ప్రతి పల్లె విద్యార్థియు తన వీధిలో ఇంటింటికిని పోయి దానిని తెలుగున చదివి వినిపించును. మూడవది, చొంగ, కుంటు, పారుడు, గడ్డలు కనబడినచో ఎవరికి చెప్పవలెనో తెలియజేయుదుము. 2009 నాటి చట్టము ప్రకారము అంటురోగమును గ్రామాధికారికో పంచాయతీకో తెలుపుట పశువు యజమాని విధి. రోగపశువును వేరుగా కట్టుటయు, దానిని గాని కళేబరమును గాని ఏటిలో, చెరువులో వేయకుండుటయు ఆ చట్టపు నియమములే. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల వారిని పిలువవచ్చును.

పశువైద్యశాఖ వారికి కూడ మాదొక మనవి. తెలుగువారు దట్టముగా నున్న పల్లెలలో ప్రకటన క్రింద రోగపు పేరును తెలుగు లిపిలో కూడ ఒక్క పంక్తి అచ్చువేయించినచో అది మిక్కిలి మేలు చేయును. అది వీలు కానిచో, ప్రకటన కాగితమును ముందుగా మా పాఠశాలకు పంపిన చాలును. ఆ పంక్తిని మేమే వ్రాసి అంటింతుము.

తల్లిదండ్రులారా! పశువు జబ్బుపడినచో దానిని వేరుగా కట్టుడు. దాని నీళ్ళతొట్టిని, మేతను వేరు చేయుడు. పాలు పితికిన చేతులను కడిగికొనక మరియొక పశువు కడకు పోవలదు. గాలికుంటు వచ్చిన కొట్టమును నూరుపాళ్ళ నీటికి నాలుగు పాళ్ళ చాకలిసోడా కలిపి కడుగుడు. పచ్చిపాలు పిల్లలకు పోయక, కాచి పోయుడు. క్రొత్తగా కొని తెచ్చిన పశువును రెండు మూడు వారములు మందలో కలుపవలదు. అన్నింటికంటె ముఖ్యముగా, జబ్బుపశువును గాని, దానితో కలిసియున్న పశువును గాని సంతకు తోలవలదు. అమ్మివేసినచో రోగము మన యింటినుండి పోయినదని తోచును. వచ్చే సంతకు అది మరియొక త్రాటితో తిరిగివచ్చును.

సోదర విద్యార్థులారా! ఆ యింటి మా మిత్రుడు చచ్చిన దూడను పూడ్చి వచ్చిన దినమున తరగతిలో ఎవరితోను మాటాడలేదు. మరునాడు మాత్రము తన తమిళ వాచకపు అట్టలోపల "కోమారి అనగా గాలికుంటు" అని వ్రాసికొని వచ్చెను. మా పటమునకు మొదటి పంక్తి అదియే. రెండవ పంక్తిని మీలో ఎవరైనను మీ అవ్వను అడిగి వ్రాసి తెండు. టీకాల దినమున మమ్ము ఒక్క పూట బడి నుండి విడువుమని ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాము. ఆ పూట పశువులను త్రాళ్ళు విప్పి తోలుకొని రమ్మని పెద్దలను వేడుకొనుచున్నాము.